ప్రైవేటు యూనివర్సిటీలో బిహేవియరల్ సైన్స్ డిగ్రీ: చేరేముందు ఏం చూడాలి, చేరాక ఏం చేయాలి

బిహేవియరల్ సైన్స్ చదువుతానంటే ఇంట్లో రెండు ప్రశ్నలు వస్తాయి. "అంటే పిచ్చాసుపత్రి డాక్టరా?" అన్నది మొదటిది. "ఉద్యోగం వస్తుందా?" అన్నది రెండోది. మొదటిదానికి జవాబు సులువు: కాదు. రెండోదానికి జవాబు మాత్రం మీరు చేరే యూనివర్సిటీ పేరులో లేదు. మూడు నాలుగేళ్లలో మీ చేతులతో ఎన్నిసార్లు డేటా సేకరించారు, దాన్ని లెక్కగట్టి ఎన్నిసార్లు తేల్చారు అన్నదాంట్లో ఉంది. కాబట్టి కాలేజీ ఎంపిక దగ్గర్నుంచి ఇంటర్న్‌షిప్ దాకా కింద చెప్పినవన్నీ ఆ ఒక్క కొలతతోనే చూడండి.

ముందు ఏ దారో తేల్చుకోండి

మనుషులు నిజంగా ఎలా నిర్ణయాలు తీసుకుంటారు, చెప్పేదొకటి చేసేదొకటి ఎందుకవుతుంది అన్నది కొలిచి చూసే చదువు ఇది. సైకాలజీ, ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్ మూడూ కలిసే చోట ఉంటుంది. డేనియల్ కానెమన్ సైకాలజిస్టు, 2002లో నోబెల్ వచ్చింది మాత్రం ఎకనామిక్స్‌లో. తోటి సైకాలజిస్టు ఆమోస్ ట్వెర్‌స్కీతో కలిసి 1979లో రాసిన పేపర్లో ఆయన చూపించింది ఇది: వంద రూపాయలు వచ్చిన సంతోషం కన్నా వంద పోయిన బాధ ఎక్కువ. ఇదే రంగంలో పనిచేసిన రిచర్డ్ థేలర్‌కు కూడా 2017లో ఎకనామిక్స్‌లోనే నోబెల్ వచ్చింది. 2010లో బ్రిటన్ ప్రభుత్వం తన విధానాల్లో దీన్ని వాడుకోవడం కోసమే ఒక బృందాన్ని పెట్టుకుంది. మన కేంద్రం 2018-19 ఆర్థిక సర్వేలో దీనికి ఏకంగా ఒక అధ్యాయం ఇచ్చింది.

ఇదంతా ఎక్కడో జరిగే వ్యవహారం అనుకోకండి. సూక్ష్మరుణాలు కుటుంబాలను నిజంగా మారుస్తాయా అని అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో బృందం పరీక్షించింది హైదరాబాద్ బస్తీల్లోనే. 104 బస్తీల్లో సగాన్ని యాదృచ్ఛికంగా ఎంచుకుని ముందు అక్కడ రుణసంస్థ శాఖలు తెరిపించారు. కుటుంబాల మొత్తం ఖర్చులో చెప్పుకోదగ్గ పెరుగుదల కనిపించలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలీ, పింఛన్లు స్మార్ట్‌కార్డుతో ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు కూడా 157 మండలాల్లో ఏది ముందు, ఏది తర్వాత అన్నది యాదృచ్ఛికంగా నిర్ణయించి ఫలితం చూశారు. డబ్బు త్వరగా అందింది, మధ్యలో పక్కదారి పట్టడం తగ్గింది. ఇవి పుస్తకాల లెక్కలో అభివృద్ధి ఆర్థికశాస్త్రం కిందికి వస్తాయి గానీ, పద్ధతి మీరు నేర్చుకోబోయేదే.

మీకు నిజంగా కావాల్సింది కౌన్సెలింగో, రోగులకు చికిత్సో అయితే అది వేరే దారి. మూడేళ్ల బీఏ సైకాలజీతో ఎవరూ క్లినికల్ సైకాలజిస్ట్ కాలేరు. దానికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన కోర్సు, ఆ కౌన్సిల్లో రిజిస్ట్రేషన్ ఉండాలి. 2021లో వచ్చిన అలైడ్ హెల్త్‌కేర్ చట్టం తర్వాత ఈ నిబంధనలు మారుతూ ఉన్నాయి కాబట్టి, చేరే ఏడాది కౌన్సిల్ వెబ్‌సైట్ మీరే చూసుకోండి, అడ్మిషన్ కౌన్సెలర్ మాట మీద ఆగిపోకండి. ఇంకోటి: 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపకూడదని యూజీసీ ఆదేశించింది. "ఇంట్లో ఉండి సైకాలజీ డిగ్రీ" అనే ప్రకటన కనిపిస్తే అక్కడితో వదిలేయండి.

డిగ్రీ పేరు కాదు, సిలబస్ చూడండి

సరిగ్గా "బిహేవియరల్ సైన్స్" అనే పేరుతో డిగ్రీ మన దేశంలో అరుదు. ఎక్కువ చోట్ల సైకాలజీ మేజర్, ఎకనామిక్స్ మైనర్ లాంటి కలయికగా దొరుకుతుంది. సోనీపత్‌లో అశోకా, జిందాల్ యూనివర్సిటీలు, పుణెలో ఫ్లేమ్, బెంగళూరులో క్రైస్ట్ తెలిసిన పేర్లే. మన దగ్గరైతే తిరుపతి జిల్లా శ్రీసిటీలో క్రియా ఉంది, అమరావతిలో ఎస్ఆర్ఎం, విశాఖలో గీతం సైకాలజీ డిగ్రీ ఇస్తున్నాయి. వీటిలో క్రైస్ట్, గీతం సాంకేతికంగా డీమ్డ్ యూనివర్సిటీలు, అశోకా, ఫ్లేమ్, క్రియా, ఎస్ఆర్ఎం లాంటివి రాష్ట్ర చట్టంతో ఏర్పడ్డ ప్రైవేటు యూనివర్సిటీలు. విద్యార్థికి ఆ తేడా పెద్దగా తెలియదు, గుర్తింపు పత్రాలు చూసేటప్పుడు మాత్రం తెలిసి ఉంటే మంచిది.

బ్రోషర్ పక్కన పెట్టి, పూర్తి సిలబస్ పీడీఎఫ్ అడగండి. పెన్ను పట్టుకుని లెక్కపెట్టండి. స్టాటిస్టిక్స్ కనీసం రెండు పేపర్లు ఉన్నాయా? రీసెర్చ్ మెథడ్స్ విడిగా ఉందా, లేక ఏదో పేపర్లో నాలుగో యూనిట్‌గా ఇరికించారా? ప్రాక్టికల్స్‌లో విద్యార్థే ప్రయోగం తయారు చేయాలా, లేక ఎప్పటివో రెడీమేడ్ టెస్టులు ఇచ్చి రికార్డు రాయిస్తారా? మైక్రో ఎకనామిక్స్ తీసుకునే వీలుందా? చివర్లో థీసిస్ ఉందా? వీటి బదులు "పర్సనాలిటీ డెవలప్‌మెంట్", "లీడర్‌షిప్", "హ్యాపీనెస్" లాంటి పేపర్లే ఎక్కువ కనిపిస్తే ఆ ఫీజు కట్టొద్దు. నా మాట కటువుగా ఉందనిపించవచ్చు, కానీ అలాంటి పేపర్లు చదివినవాళ్లకు నాలుగేళ్ల తర్వాత చేతిలో చూపించుకోవడానికి ఏమీ ఉండదు.

యూజీసీ 2022 చట్రం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం వచ్చినవాళ్లకు నాలుగో ఏడాదిలో "ఆనర్స్ విత్ రీసెర్చ్" తీసుకునే వీలుంటుంది. మీరు చూస్తున్న యూనివర్సిటీలో ఆ నాలుగో ఏడాది నిజంగా నడుస్తోందా, కాగితం మీదే ఉందా అన్నది ఇప్పుడే కనుక్కోండి.

ఇంటర్‌లో ఏ గ్రూపైనా చాలావరకు ఇబ్బంది లేదు. ఎంపీసీ, ఎంఈసీ వాళ్లకు లెక్కల దగ్గర కాస్త సుఖం. బైపీసీ వాళ్లకు మెదడు, నాడీ వ్యవస్థ పాఠాలు తెలిసినవే. సీఈసీ, హెచ్ఈసీ వాళ్లు సెలవుల్లో సంభావ్యత, సగటు, ప్రామాణిక విచలనం వరకు ఒకసారి తిరగేసి వెళ్తే చాలు.

యూనివర్సిటీనే ఇంటర్వ్యూ చేయండి

యూజీసీ వెబ్‌సైట్లో గుర్తింపు ఉన్న ప్రైవేటు యూనివర్సిటీల జాబితా, నకిలీల జాబితా రెండూ ఉంటాయి. రెండూ చూడండి. ప్రైవేటు యూనివర్సిటీకి వేరే కాలేజీలను అనుబంధంగా చేర్చుకునే అధికారం లేదు. అందుకని అమీర్‌పేటలో ఒక అంతస్తు అద్దెకు తీసుకుని ఉత్తరాది యూనివర్సిటీ డిగ్రీ ఇస్తామనేవాళ్ల గడప తొక్కకండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ తన దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. చూపించి, జిరాక్స్ ఇచ్చి, ఒరిజినల్స్ వెనక్కి తెచ్చుకోండి.

క్యాంపస్‌కు వెళ్లినప్పుడు స్విమ్మింగ్ పూల్ చూపిస్తారు. మీరు అడగాల్సినవి వేరు. మనుషుల మీద చేసే పరిశోధనను పరిశీలించే ఎథిక్స్ కమిటీ ఉందా? విద్యార్థుల ప్రాజెక్టులు దాని ముందుకు వెళ్తాయా? సైకాలజీ విభాగంలో పూర్తికాలం అధ్యాపకులు ఎంతమంది, వాళ్లు గత రెండేళ్లలో ఏం ప్రచురించారు? మూడో ఏడాది విద్యార్థి ఒకరిని పక్కకు పిలిచి "అన్నా, నువ్వు సొంతంగా చేసిన స్టడీ ఏంటి?" అని అడగండి. తడుముకోకుండా చెప్తే మంచి విభాగమే. "అసైన్‌మెంట్లు చేశాం" అన్న దగ్గర ఆగిపోతే మీకు కావాల్సిన సమాచారం వచ్చేసినట్టే.

డబ్బు సంగతి. పెద్ద లిబరల్ ఆర్ట్స్ యూనివర్సిటీల్లో హాస్టల్‌తో కలిపి ఏడాదికి 10 లక్షల రూపాయల దాకా, కొన్నిచోట్ల అంతకు మించి అవుతుంది. స్కాలర్‌షిప్ ఇస్తామంటే మూడు విషయాలు మెయిల్లో రాయించుకోండి: ఎన్నేళ్లకు, ఎంత జీపీఏ తగ్గితే పోతుంది, నాలుగో ఏడాదికి వర్తిస్తుందా. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉందన్నా అంతే, నోటిమాట వద్దు. 2024 నవంబర్‌లో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి కింద కేంద్రం ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల ఆధారంగా ఎంపికైన సంస్థల్లో చేరితే హామీ, ఆస్తి తాకట్టు లేకుండా రుణం దొరుకుతుంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపైతే 10 లక్షల వరకు రుణం మీద, తిరిగి కట్టడం మొదలయ్యేదాకా, 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. మీ యూనివర్సిటీ ఆ జాబితాలో ఉందో లేదో పోర్టల్‌లో చూశాకే రుణం మాట ఇంట్లో ఎత్తండి. అమ్మ మెడలోవి బ్యాంకుకు వెళ్లాల్సిన చదువు కాదిది. అంత భారం అయ్యేట్టుంటే ప్రభుత్వ యూనివర్సిటీలో సైకాలజీ చదివి, కింద చెప్పిన పనులు సొంతంగా చేసుకున్నా తప్పులేదు.

దరఖాస్తు వ్యాసం, ఇంటర్వ్యూ

కొన్ని యూనివర్సిటీలు సీయూఈటీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష మార్కులు తీసుకుంటాయి, కొన్ని సొంత పరీక్ష పెడతాయి. చాలాచోట్ల వ్యాసం, ఇంటర్వ్యూ ఉంటాయి. "చిన్నప్పటి నుంచి నాకు మనుషులంటే ఆసక్తి" అని మొదలుపెట్టకండి, వచ్చిన వ్యాసాల్లో సగం అలాగే ఉంటాయి. మీరు కళ్లారా చూసిన ఒక ప్రవర్తనతో మొదలుపెట్టండి. మన రోడ్ల మీద హెల్మెట్ ట్యాంకు మీద పెట్టుకుని వచ్చి, పోలీసు కనపడగానే తలకు తగిలించి, చౌరస్తా దాటగానే మళ్లీ తీసేవాళ్లు ఎంతమంది! హెల్మెట్ కొన్నాడు, మోస్తున్నాడు, పెట్టుకోవడం మాత్రం లేదు. ఎందుకు? ఉక్కపోతా, జుట్టా, ప్రమాదం తనకు జరగదన్న నమ్మకమా? వీటిలో ఏది కారణమో ఎలా తేలుస్తారో నాలుగు వాక్యాల్లో రాయండి. ఇంటర్వ్యూలో వాళ్లు దాన్నే పట్టుకుని అడుగుతారు, మీకు తెలిసిన విషయమే కాబట్టి టెన్షన్ తగ్గుతుంది. ఇంగ్లీషు తడబడ్డా ఆలోచన నిలబడుతుంది.

మొదటి ఏడాది

ఇంటర్‌లో బట్టీ పట్టిన అలవాటు ఇక్కడ మొదటి సెమిస్టర్‌లోనే దెబ్బ కొడుతుంది. నిర్వచనాలు అప్పజెప్పమని ఎవరూ అడగరు. వారానికి రెండు మూడు రీసెర్చ్ పేపర్లు ఇచ్చి చదివి రమ్మంటారు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా నవలలా చదివితే అర్థం కాదు. ముందు సారాంశం, తర్వాత పట్టికలు, బొమ్మలు చూడండి, ఆ తర్వాత "ఎవరి మీద చేశారు, ఏం కొలిచారు" అన్న భాగం చదవండి. ఆఖర్న ఉపోద్ఘాతం. చదివింది రూమ్మేట్‌కు తెలుగులో చెప్పండి. తెలుగులో చెప్పలేకపోయారంటే అర్థం కాలేదనే.

కంప్యూటర్లో ముందు జమోవి అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్ నేర్చుకోండి, మౌస్‌తోనే పని అవుతుంది. రెండో సెమిస్టర్‌కల్లా ఆర్ (R) అనే ప్రోగ్రామింగ్ భాష మొదలుపెట్టండి. రెండూ ఉచితం. ఎస్‌పీఎస్‌ఎస్ అనే సాఫ్ట్‌వేర్ క్లాసులో చెప్తే నేర్చుకోండి గానీ, లైసెన్స్ ఖరీదు కాబట్టి క్యాంపస్ దాటాక అది మీ చేతిలో ఉండకపోవచ్చు.

సొంతంగా ఒక స్టడీ చేయండి

అసలు చదువు ఇక్కడ మొదలవుతుంది. రెండో ఏడాదికల్లా ఒకటి పూర్తి చేయాలి. విషయం దూరంగా వెతకనక్కర్లేదు, హాస్టల్ మెస్ చాలు.

ప్రశ్న ఇలా పెట్టుకోండి: "కొంచెమే పెట్టించుకోండి, కావాలంటే మళ్లీ వడ్డిస్తాం" అని బోర్డు పెడితే పారేసే అన్నం తగ్గుతుందా? చూడ్డానికి చిన్నదే. చేయబోతే ఎన్ని చిక్కులో చూడండి.

దేన్ని కొలవాలి? మిగిలిన మొత్తం బరువును ప్లేట్ల సంఖ్యతో భాగించి, ప్లేటుకు ఎన్ని గ్రాములో తీయండి. మరి ములక్కాడ పిప్పి, కోడి ఎముకలు, కరివేపాకు పారేసినట్టేనా? కావు, వాటికి వేరే బకెట్ పెట్టాలి. లేకపోతే మునక్కాయ సాంబారు రోజున హాస్టల్ అంతా అన్నం పారేసినట్టు లెక్క వస్తుంది. ఆదివారం బిర్యానీనీ సోమవారం ఉప్మానీ పోల్చకూడదు. మెనూ వారానికోసారి తిరుగుతుంది కాబట్టి మంగళవారం మధ్యాహ్నాన్ని మంగళవారం మధ్యాహ్నంతోనే పోల్చండి. అలాంటి రెండు రోజుల్లో బోర్డు ఏ రోజు పెట్టాలన్నది మీ ఇష్టానికి వదలకుండా బొమ్మా బొరుసూ వేసి ముందే నిర్ణయించండి. పరీక్షల వారం, పండగ సెలవుల ముందు రోజులు తీసేయండి. బోర్డుకు ముందు రెండు వారాలు ఊరికే తూకం వేయండి, మామూలు రోజుల్లో ఎంత పారేస్తున్నారో తెలియాలి కదా.

వడ్డించేవాళ్ల సంగతి చాలామంది మర్చిపోతారు. బోర్డు ఎందుకో వాళ్లకు తెలిస్తే గరిటె దానంతటదే చిన్నదవుతుంది. అప్పుడు మారింది విద్యార్థుల ప్రవర్తనా, వడ్డించేవాళ్ల చెయ్యా? వాళ్లతో మాట్లాడటానికి ప్రశ్నావళి తయారుచేస్తే ఇంగ్లీషు నుంచి తెలుగులోకి ఒకరు, ఆ తెలుగు నుంచి తిరిగి ఇంగ్లీషులోకి ఇంకొకరు మార్చాలి. రెండు ఇంగ్లీషు ప్రతులూ కలవకపోతే తెలుగు సరిచేయాలి.

అందరూ జారిపడే చోటు ఇంకోటుంది. మెస్‌లో 500 మంది తింటారు, కాబట్టి శాంపిల్ 500 అని రాసేస్తారు. బోర్డు పెట్టడం, తీయడం మనిషిని బట్టి కాదు, రోజును బట్టి జరిగింది. 12 రోజులు చేస్తే మీ దగ్గరున్నవి 12 కొలతలే. ఈ ఒక్క ముక్క అర్థమైతే ఒక సెమిస్టర్ స్టాటిస్టిక్స్ అర్థమైనట్టే.

మొదలుపెట్టకముందే ఏం కొలుస్తారు, ఎన్ని రోజులు, ఏ టెస్టు వాడతారు, ఎప్పుడు ఆపుతారు అన్నది రాసి ఓపెన్ సైన్స్ ఫ్రేమ్‌వర్క్ అనే వెబ్‌సైట్లో నమోదు చేయండి. డబ్బు కట్టక్కర్లేదు. వార్డెన్ అనుమతి, ఎథిక్స్ కమిటీ అనుమతి రెండూ కావాలి. ఎవరు ఎంత పారేశారో పేర్లు రాయొద్దు, ఫొటోలు తీయొద్దు. సర్వే కూడా పెడితే ఫస్ట్ ఇయర్‌లో 18 నిండనివాళ్లు ఉంటారని గుర్తుంచుకోండి. వాళ్లకు తల్లిదండ్రుల అనుమతి కావాలి.

తేడా ఏమీ రాలేదా? అదే రాయండి. ఈ మెస్ ఉదాహరణ కావాలనే తీసుకున్నాను. తిండి ప్రవర్తన మీద ప్రపంచమంతా చెప్పుకున్న పరిశోధనలు చేసిన కార్నెల్ ప్రొఫెసర్ బ్రయాన్ వాన్సింక్ పేపర్లు ఆరింటిని 2018 సెప్టెంబర్‌లో జామా వైద్య పత్రికలు ఒకేసారి ఉపసంహరించాయి. డేటాను ఇష్టమొచ్చినట్టు కోసి చూపించారని తేలి ఆయన రాజీనామా చేయాల్సి వచ్చింది. 2015లో 100 సైకాలజీ స్టడీలను మళ్లీ చేసి చూస్తే 36 శాతంలోనే గణాంకపరంగా గట్టి ఫలితం వచ్చింది. టెక్స్ట్‌బుక్‌లో ఉందని ఏదీ నమ్మేయకండి. పైగా అందులోని ప్రయోగాలు ఎక్కువగా అమెరికా, యూరప్ కాలేజీ పిల్లల మీద చేసినవి. అవి గుంటూరులోనో కరీంనగర్‌లోనో అలాగే నిలబడతాయా అన్నది మంచి థీసిస్ ప్రశ్న.

ఇంటర్న్‌షిప్

ఇక్కడ తెలుగు మీకు ఆస్తి. ఆంధ్ర, తెలంగాణ పల్లెల్లో జరిగే సర్వేలకు తెలుగు మాట్లాడి, డేటా కూడా అర్థం చేసుకునేవాళ్లు కావాలి. జె-పాల్ సౌత్ ఏషియా, క్రియాకు చెందిన లీడ్, అశోకాలోని సెంటర్ ఫర్ సోషల్ అండ్ బిహేవియర్ చేంజ్ లాంటి పరిశోధన సంస్థల వెబ్‌సైట్లు రెండో ఏడాది నుంచే చూస్తూ ఉండండి. ఎండలో ఇంటింటికీ తిరిగి ప్రశ్నలు అడిగే పని దొరికినా వద్దనకండి. "ఏం ఇస్తారమ్మా మాకు?" అని అడిగే పెద్దావిడకు నిజాయితీగా జవాబు చెప్పడం ఏ క్లాసులోనూ నేర్పరు. డబ్బు తీసుకుని "సైకాలజీ ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్" ఇచ్చే ఆన్‌లైన్ సంస్థలు బోలెడున్నాయి, వాటికి రూపాయి కూడా పెట్టొద్దు.

మానసిక సమస్యల పాఠాలు మొదలయ్యాక ప్రతి లక్షణమూ తమకే ఉన్నట్టు అనిపించడం, చుట్టాలు ఫోన్ చేసి "మావాడికి ఏమైందో చెప్పు" అనడం, రెండూ మామూలే. ఎవరికీ రోగం పేరు పెట్టకండి, మీకు మీరు కూడా. అవసరమైతే 14416కు ఫోన్ చేయవచ్చు. అది ప్రభుత్వ టెలీ మానస్ లైన్, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

నాలుగో ఏడాది ఉండాలా, వద్దా

పాలసీ సంస్థల్లో గానీ, వినియోగదారుల తీరును గమనించే కంపెనీల యూజర్ రీసెర్చ్ విభాగాల్లో గానీ ఉద్యోగం చూసుకుంటామంటే మూడేళ్లతో పాటు రెండు మంచి స్టడీలు చాలనే నా అభిప్రాయం. ఆ ఏడాది ఫీజు మిగులుతుంది. పరిశోధనలోకి వెళ్లాలనుకుంటే మాత్రం ఉండండి. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం వస్తే పీజీ లేకుండానే పీహెచ్‌డీకి దరఖాస్తు చేయవచ్చు. క్లినికల్ వైపు మనసు మళ్లితే, చేరాలనుకునే కోర్సు రిహాబిలిటేషన్ కౌన్సిల్ జాబితాలో ఉందో లేదో చూసుకున్నాకే ఫీజు కట్టండి.

ఉండాలనుకుంటే ఐదో సెమిస్టర్‌లోనే గైడ్‌తో మాట్లాడాలి. మంచి గైడ్ దగ్గర సీట్లు తక్కువ, ముందు అడిగినవాళ్లకే దక్కుతాయి. వెళ్లేటప్పుడు "సార్, ఏదైనా టాపిక్ ఇవ్వండి" అని వట్టిచేతులతో వెళ్లకండి. మెస్ స్టడీ రిపోర్టు, దాని డేటా ఫైలు, అందులో ఏం తేలలేదో రాసిన ఒక పేజీ పట్టుకెళ్లండి.